కుడికాలి పక్క రేకు

ఇల్లు,
మార్చి 4

ఒరేయ్ సుత్తీ,

నీకు ఫోన్ చేయడమూ గోడకి చెప్పుకోవడమూ ఒకటే కాబట్టి కాగితం తీశాను. పాతికేళ్ళు రేకులు కొట్టి చెవులు పోగొట్టుకున్న బావమరిది దొరికాక, బావలకి ఉత్తరాలు రాయక తప్పుతుందా? పైగా ఈసారి నీకు పంపాల్సినవి కాగితం ముక్కలు. అవి ఫోన్లో దూరవు.

పెద్ద బండి కొన్నానని చెప్పాను కదా. రెండు సిలిండర్లది, దూరప్రయాణాలకని చేసింది. బండి కాదురా, గేదె. ఖాళీ రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ దానంత మంచిది లేదు. సిగ్నల్ దగ్గర ఆగిందో, పొయ్యి మీద కూర్చున్నట్టే. ఇంజన్ నుంచి వచ్చే పైపులు రెండూ కుడివైపే దిగుతాయి. వెనక సిలిండరు పైపు నా తొడ కిందుగా వంపు తిరిగి, సరిగ్గా మీ అక్క కాలు పెట్టుకునే చోట సైలెన్సర్‌లో కలుస్తుంది.

దుకాణంలో తయారుగా దొరికే రేకు ఒకటి తెచ్చి బిగించాను. ఒంటెకి గొడుగు పట్టినట్టుంది. ఎండ ఒకవైపు, గొడుగు ఒకవైపు. మొన్న ఆదివారం ఊరి బయట గంటసేపు తిరిగి ఇంటికొచ్చి చూస్తే మీ అక్క కుడి పిక్క మీద కోడిగుడ్డంత బొబ్బ. పైపుకి చుట్టే గుడ్డపట్టీ ఏదో ఉందట, అది చుడితే చాలని ఒకడన్నాడు. నువ్వేమంటావు?

వానలు తగ్గాక సముద్రం పక్క రోడ్డు మీద పదిరోజులు తిరిగి రావాలని మీ అక్క పట్టు. కుట్టుమిషన్ మీద బట్టలకి బదులు మ్యాపు పరిచి కూర్చుంటోంది. పైపుల పక్కన కాగితం పట్టి ఆమే రెండు నమూనాలు కత్తిరించింది. ఒకటి నా తొడ దగ్గరికి, ఒకటి ఆమె పిక్క దగ్గరికి. ఇందులో పెట్టాను.

మీ అక్క క్షేమం. పని ఎక్కువై తను రాయలేకపోయింది.

మీ బావ

*

షెడ్డు,
మార్చి 19

బావా,

నమూనాలు అందాయి. అక్క కత్తెర పడిన అంచు మీద చీమ కూడా తడబడదు. నీ కళ్ళద్దాల దుకాణంలో అరగదీసే అద్దాలకి కూడా అంత నునుపు ఉండదు, కోపం తెచ్చుకోకు.

గుడ్డపట్టీ వద్దు. చుట్టిన వారం బాగానే ఉంటుంది. వానకి తడిసిందంటే నీళ్ళు పట్టుకుని వదలదు, లోపల పైపుని చెదపురుగులా తినేస్తుంది. పైగా సముద్రం పక్కకి పోతానంటున్నావు. అల్యూమినియం తేలికే కానీ ఒక మూల వేడి తగిలితే క్షణంలో ఒళ్ళంతా పంచుకుంటుంది, ఊళ్ళో కబురులాగా. స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. ఒక మిల్లీమీటరు రేకు తీసుకుని అక్క నమూనాల ప్రకారం రెండూ కోశాను. అంచులు లోపలికి మడిచాను, బట్ట చిరగదు, చర్మం కోసుకోదు.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. వేడిని ఆపేది రేకు కాదు బావా, రేకుకీ పైపుకీ మధ్య ఉన్న గాలి. ఆ సందు వేలు మందం ఉండాలి. దుకాణం వాడిది పైపుకి అతుక్కుపోయి ఉంటుంది, అందుకే అదీ పైపంత కాలింది. వెనకవైపు నాలుగు కాళ్ళు వెల్డ్ చేయించాను, వాటిని చుట్టు క్లిప్పులతో పైపుకి బిగించు. ముందు మెల్లగా బిగించి, ఇంజన్ వేడెక్కనిచ్చి, చల్లారాక మళ్ళీ బిగించు. పైపు వేడికి ఒళ్ళు విరుచుకుంటుంది. మొదటే గట్టిగా నొక్కితే మర్నాటికి గజ్జెకట్టిన దానిలా మోగుతుంది.

నాకు అర్థం కానిది ఒకటే. అంత బొబ్బ ఎలా వచ్చింది? వేడి తగిలితే ఎవరైనా కాలు లాక్కుంటారు. అక్క వెనక కూర్చుని నిద్రపోయిందా? ఇంకోటి, పని ఎంత ఉన్నా అక్క నీ ఉత్తరం చివర రెండు వరుసలు గీకకుండా ఉండదు. నా మీద అలిగితే అలిగానని రాయమను.

నా సంగతి మామూలే. ఒళ్ళు రాటుదేలింది. మంటలోంచి తీసిన రేకుని ఇప్పుడు ఉత్త చేత్తోనే పట్టుకుంటున్నాను. పక్క షెడ్డు వెల్డరు చూసి నోరు తెరిచాడు. పాతికేళ్ళు కొలిమికి మొక్కితే ఆమాత్రం వరం ఇవ్వదా అన్నాను.

సుత్తి

*

ఇల్లు,
ఏప్రిల్ 11

ఒరేయ్,

పార్శిల్ వచ్చింది. రేకుల్లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నువ్వు చెప్పినట్టే మెల్లగా బిగించి, వేడెక్కించి, చల్లార్చి, మళ్ళీ బిగించాను. మోత లేదు. నా తొడ దగ్గరది అద్భుతం. సిగ్నల్ దగ్గర ఇప్పుడు పక్కబండి వాడితో నవ్వుతూ మాట్లాడగలుగుతున్నాను.

మీ అక్క వైపుది సగమే పనిచేసింది. రేకు మీద అక్కడక్కడ కొవ్వొత్తి మైనం చుక్కలు వేసి అరగంట తిప్పి చూశాను. నడుమ చుక్కలు అలాగే ఉన్నాయి, వెనక చివర మూడూ కరిగి కారిపోయాయి. వేడి వెనక్కి జారుతోంది. ఆమె కాలు ఒకచోట ఉండదు కదా, కాస్త వెనక్కి జరిగితే రేకు దాటిపోతుంది. అంచేత ఇంకా పొడుగుది కావాలి, మడమ దాకా. కొత్త నమూనా పంపుతున్నాను.

బొబ్బ సంగతి అడిగావు. ఆ రోజు మందం ప్యాంటు వేసుకుంది, అందుకే తెలియలేదు. మానిపోయింది. పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

నేనొకటి అడుగుతాను, వెటకారం లేకుండా జవాబు రాయి. ఆ వేడి రేకు ఏ చేత్తో పట్టుకుంటున్నావు? ఎన్నాళ్ళ నుంచి?

మీ బావ

*

షెడ్డు,
మే 2

బావా,

మడమ దాకా పొడుగున్న రేకు చేశాను, ఇదే పార్శిల్లో ఉంది. వెనక అంచుని బయటికి కొద్దిగా వంచాను, గాలి తగిలి వేడిని అవతలికి తోస్తుంది. పైకి మాత్రం జరపకు, సిలిండరు రెక్కలకి గాలి ఆగిపోయి ఇంజనే ఉడికిపోతుంది. పని అయిపోయింది కాబట్టి ఇక అసలు మాట.

ఈ నమూనా ఎవరు కత్తిరించారు? అంచు ఎలుక కొరికినట్టుంది. వంపు దగ్గర మూడుసార్లు ఆగి మళ్ళీ మొదలెట్టారు. సరిచేసి కోయడానికి నాకు ఒక పూట పట్టింది. అది అక్క చేయి కాదు. నీదే. కత్తెర పట్టుకోనివ్వడం సంగతి అటుంచు, ఆ కత్తెర ఉన్న గదిలోకి కూడా నిన్ను రానిచ్చేది కాదు అక్క. ఇప్పుడు నీ చేతికి ఎందుకిచ్చింది?

మందం ప్యాంటు కథ నాకు చెప్పకు. మందం ప్యాంటు వేసుకుంటే బొబ్బ చిన్నదవుతుంది, పెద్దది కాదు. నేను చెవిటివాణ్ణి, గుడ్డివాణ్ణి కాను.

ఎడమ చేయి. పోయిన చలికాలం నుంచి. చూపుడువేలూ మధ్యవేలూ. ఈమధ్య చెప్పు కూడా ఒకటి కాలి నుంచి జారిపోతే షెడ్డు దాటి వీధి చివరి దాకా వెళ్ళాకగానీ గమనించలేదు. టీ కొట్టాయన వెనక నుంచి తెచ్చిచ్చి, ఎవరి ధ్యాసలో ఉన్నావయ్యా అని నవ్వాడు. చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు.

సుత్తి

*

ఇల్లు,
జూన్ 8

తమ్ముడూ,

నిన్నెప్పుడూ ఇలా పిలవలేదు. ఈ ఉత్తరంలో సుత్తీ అని రాయడానికి చేయి రాలేదు. నువ్వు అడిగి నెల దాటింది. నాలుగుసార్లు మొదలెట్టి చించేశాను.

మీ అక్కకి పాదాల్లో స్పర్శ పోయి రెండేళ్ళయింది. మొదట తిమ్మిరన్నాం. తర్వాత వంటింట్లో నడుస్తూ గాజుపెంకు తొక్కి, గచ్చు మీద రక్తం చూసి ఎవరిది ఇది అని నన్ను అడిగింది. ఇప్పుడు మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ ఆదివారం బొబ్బ ఆమెకి తెలియలేదు. ఇంటికొచ్చి బండి దిగాక నాకు వాసన వచ్చింది. ప్యాంటు గుడ్డ కాలిందనుకుని వంగి చూశాను.

ఈ సంవత్సరం వేళ్ళు మొదలయ్యాయి. నీకు పంపిన మొదటి నమూనాలు కత్తిరించడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. నా తమ్ముడు చూస్తాడు, వంకర ఉండకూడదు అని కూర్చుంది. రెండోసారి పంపిన నమూనాకి కత్తెర జారి బొటనవేలు తెగింది, అదీ ఆమె చూడలేదు, నేనే చూసి కత్తెర తీసుకున్నాను. మిషన్ మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించాం. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగాడు. మీ నాన్నగారి గురించి మీ అక్క చెప్పింది. నీకు నాలుగేళ్ళప్పుడు పోయారు కాబట్టి నీకు గుర్తుండదు. గడియారాలు బాగుచేసే మనిషి, చివరి రోజుల్లో మరలు చేతిలోంచి జారిపోతే నేల మీద దేవుకుంటూ ఉండేవారట. నడుస్తుంటే చెప్పు వెనకే ఉండిపోయేదట. మేడ మీంచి పడి పోయారని మీ ఇంట్లో అందరికీ చెప్పారు. పడింది నిజమే. ఎందుకు పడ్డారో ఎవరూ అడగలేదు.

అప్పుడు డాక్టరు, మీకు తోబుట్టువులు ఉన్నారా అన్నాడు. ఇది వంశంలో దిగే జబ్బు, ఉంటే వాళ్ళనీ పరీక్ష చేయాలన్నాడు.

"లేరు" అంది మీ అక్క.

ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆయన కాగితం మీద అదే రాసుకున్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. బయటికొచ్చాక అడిగాను, అదేమిటి అలా అన్నావని.

"మందు ఉందన్నాడా?" అంది.

లేదన్నాడు కదా అన్నాను.

"మరి వాడికి చెప్పి ఏం ఒరగబెడతాను? తెలిసిన రోజు నుంచి వాడు దెబ్బ దెబ్బకీ చేయి చూసుకుంటాడు. తెలియకుండా ఎన్నాళ్ళు కొడితే అన్నాళ్ళు కొట్టనీ."

అందుకని నీకు చెప్పనని ఆమెకి మాటిచ్చాను. అప్పటికి నీకు లేదనే అనుకున్నాం, అందరికీ రావాలని లేదు కదా. మార్చిలో నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపిస్తూ, ఉత్త చేత్తో రేకు పట్టుకున్నావన్న వరుస దగ్గరికొచ్చి దాటేశాను. ఏమిటి ఆగావంది. నీ చేతిరాత అర్థం కాలేదన్నాను.

మాట తప్పాను. తిట్టదలుచుకుంటే నన్ను తిట్టు. ఆమెని ఏమీ అనకు. పరీక్ష చేయించుకో.

మీ బావ

*

షెడ్డు,
జూలై 15

బావా,

వెళ్ళొచ్చాను. చెవులకి బదులుగా వెల్డరుని తోడు తీసుకెళ్ళాను కానీ, లోపలికి ఒక్కణ్ణే రమ్మన్నారు. కాళ్ళకీ చేతులకీ వైర్లు తగిలించి చూశారు. డాక్టరుకి అక్క జబ్బు సంగతి చెప్పాను. మంచివాడు. నాకు వినపడదని కాగితం తీసుకుని రాశాడు. తిప్పి తిప్పి రాయకుండా ఒకే వరుస. మీ అక్కగారిదే మీదీ.

చెవులు కూడా దీనివల్లే పోయి ఉండొచ్చట. కొందరికి అలా అవుతుందట. పాపం సుత్తి మీద ఇన్నాళ్ళూ అనవసరంగా నింద వేశాను.

బయట బెంచీ మీద వెల్డరు కూర్చుని ఉన్నాడు. ఏమన్నాడని చేతులూపి అడిగాడు. విటమిన్లు రాశాడన్నాను. సంతోషపడ్డాడు.

అక్క మీద కోపం లేదు. రెండు రోజులు వచ్చింది, పోయింది. ఆమె లెక్క ఒక రకంగా నిజమే అయింది. తెలిసిన మర్నాటి నుంచి పని నెమ్మదించింది. ప్రతి దెబ్బకీ ముందు వేళ్ళు ఎక్కడున్నాయో కళ్ళతో చూసుకుంటున్నాను. గ్లోవ్స్ వేసుకుంటున్నాను. పెళ్ళి చేసుకోమని మీరిద్దరూ పదేళ్ళు నా ప్రాణం తీశారు. వినకపోవడమే మంచిదైంది.

నాకు తెలుసని అక్కకి చెప్పకు. నాకు పరీక్ష అయిందని అసలే చెప్పకు. నువ్వు రెండు వైపులా అబద్ధాలాడాల్సి వస్తుంది, క్షమించు. అబద్ధాల్లో నువ్వు ఎంత మొద్దువో మందం ప్యాంటుతోనే తెలిసింది, అయినా ప్రయత్నించు.

ఈ పార్శిల్లో ఇంకోటి ఉంది, రేకు కాదు. అక్క కుడి ఫుట్‌రెస్టుకి తగిలించే చిన్న తొట్టి. పాదం ఎక్కడుందో తెలియనివాళ్ళకి పాదం దానంతటది జారకూడదు. మూడువైపులా అంచు, లోపల రబ్బరు. బయటి పక్క తెరిచి ఉంచాను, పడితే కాలు ఇరుక్కోకూడదు. బిగించాక నీ చేయి పెట్టి చూడు. నీ చేయే పెట్టు, ఆమెని అడగకు, ఆమె చల్లగానే ఉందంటుంది.

వానలు తగ్గేదాకా ఆగొద్దు. తడిస్తే తడవండి. వెళ్ళండి.

సుత్తి

*

ఇల్లు,
సెప్టెంబరు 21

తమ్ముడూ,

నువ్వు వెళ్ళమన్నప్పుడు వెళ్ళలేదు. ఆగస్టంతా ఆమెకి జ్వరం, ఆ తర్వాత రోడ్డు కొట్టుకుపోయిందన్నారు. పద్నాలుగో తేదీ పొద్దున బయల్దేరాం.

ముందు నీ పని గురించి రాస్తాను. అది పూర్తిగా నెగ్గింది. యాభై కిలోమీటర్లు నడిపాక ఆగి చేయి పెట్టి చూశాను. తొడ దగ్గర గోరువెచ్చన. మడమ దగ్గర రేకు మీద అరచేయి అలా ఉంచి పది లెక్కపెట్టగలిగాను. ఆమె పిక్క చల్లగా ఉంది. ఎర్రటి మచ్చ ఒక్కటి లేదు. పాదం తొట్టిలో పెట్టింది పెట్టినట్టే ఉంది. కుర్రదానిలా నా వీపు మీద తాళం వేసింది.

ఆ తర్వాత ఒక ఊరు దాటాక మలుపులు మొదలయ్యాయి. బండి ఎడమకి వాలుతుంటే ఆమె కుడికి వాలుతోంది. మొదట ఆటనుకున్నాను. కాదు. నడుము నిలబడటం లేదు. నన్ను పట్టుకోమన్నాను, పట్టుకున్నానంది. బండి ఆపి వెనక్కి తిరిగి చూస్తే చేతులు నా నడుం చుట్టూ లేవు, తన ఒళ్ళో ఉన్నాయి. పట్టుకున్నాననే అనుకుంటోంది.

సామాను కట్టిన తాడు విప్పి ఇద్దర్నీ కలిపి కట్టుకుని ఇంకో నాలుగు కిలోమీటర్లు పోనిచ్చాను. వంతెన దగ్గర లారీ అడ్డం వస్తే ఆపాను. ఆ ఆపడానికే ఆమె పక్కకి ఒరిగింది, బండీ నేనూ కూడా. దెబ్బలు లేవు, నా మోకాలు గీరుకుంది. లారీ డ్రైవరు దిగొచ్చి ఆమెని ఎత్తి వంతెన గోడ మీద కూర్చోబెట్టాడు. బండి లేపడానికి ఇద్దరం చాలలేదు, ఇంకొకణ్ణి పిలవాల్సి వచ్చింది.

ఆమె చాలాసేపు కింద కాలవ వైపు చూసింది. సముద్రం అక్కడికి ఇంకా నూట ఎనభై కిలోమీటర్లు. ఏడవలేదు. "ఇక వెనక్కి తిప్పు" అంది. తిప్పాను. ఆమె లారీలో వచ్చింది, నేను వెనకాల బండి మీద వచ్చాను.

లారీ ఎక్కే ముందు, తమ్ముడెలా ఉన్నాడని అడిగింది. బాగానే ఉన్నాడన్నాను. సరే అంది. నా ముఖం వైపు చూడలేదు.

బండి అమ్మేశాను. కొన్నాయన ఒక్కడే తిరుగుతాడట. రేకులు చూడ్డానికి బాగాలేవన్నాడు, నా ముందే విప్పి చేతిలో పెట్టాడు. విప్పడానికి పావుగంట పట్టింది. కాగితంలో చుట్టి అలమరా పైన పెట్టాను. నీకు పంపమంటావా?

మీ బావ

*

ఇల్లు,
అక్టోబరు 6

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాయడం మొదలెట్టి ఇవాళ్టికి ఐదు రోజులు. పెన్సిల్‌ని వేళ్ళకి గుడ్డతో కట్టించుకుని రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు. నీకు అ ఆలు దిద్దించినప్పుడు నీవి ఇంతకంటే ఘోరంగా ఉండేవి.

మీ బావ ఉత్తరాలు ఎక్కడ దాస్తాడో నాకు తెలుసు. అద్దాల పెట్టెలో. నీ ఉత్తరాలన్నీ చదివాను, మార్చిది కూడా. నీ చేతిరాత నాకు అర్థం కాకపోవడమేమిటి? ఆయన దాటేసిన వరుస నాలుగుసార్లు చదివాను. అప్పటి నుంచీ నాకు తెలుసు. ఆయన పడే అవస్థ చూడలేక తెలియనట్టే ఉన్నాను. ఇప్పుడు ముగ్గురం ఒకరికొకరు దాచడం దండగ. ఓపిక ఉన్నది దానికి ఖర్చుపెట్టొద్దు.

డాక్టరుతో తమ్ముడు లేడని అన్నందుకు నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు. ఆ మాట అన్న రోజున అన్నం తినలేకపోయాను. అంతే చెప్పగలను.

ఈ జబ్బులో నేను నీకంటే రెండేళ్ళు ముందున్నాను, అందుకని విను. డాక్టర్లు ఇవి చెప్పరు. రోజూ సాయంత్రం వెలుతురుండగానే కూర్చుని కాళ్ళూ చేతులూ అన్నీ తిప్పి చూసుకో. అరికాలికి అద్దం పెట్టుకో. నొప్పి ఇక నీకు చెప్పదు, కళ్ళే చెప్పాలి. చెప్పులు మానేసి తాడు కట్టే బూట్లు కొనుక్కో, ఒక సైజు పెద్దవి, లోపల చేయి పెట్టి రాయి లేదని చూశాకే వేసుకో. స్నానం నీళ్ళు మోచేత్తో చూడు, వేళ్ళని నమ్మకు. ఆ తర్వాత గుండీలు పోతాయి. చొక్కాలు ఇప్పుడే నాలుగు పంపు. గుండీలు తీసేసి అంటించే పట్టీలు వేయాలి. నా వల్ల కాదు, మీ బావకి నేర్పిస్తున్నాను. వంకరగా కుడతాడు, ఊడిపోకుండా కుడతాడు.

చీకట్లో నడవకు. కళ్ళు మూసుకుని నిలబడితే పడతావు, ఇంకా పడకపోతే త్వరలో పడతావు. నేను మొదటిసారి పడ్డది ముఖం కడుక్కుంటూ. ఎవరికీ చెప్పలేదు.

బాగవుతుందని నీకు రాయను. వాళ్ళూ వీళ్ళూ రాస్తారు. నాకు మాత్రం ఈ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ముందురోజు కంటే మేలుగా లేదు. కొన్ని రోజులు అంతే ఉంది. అంతే ఉన్న రోజుల్ని బాగున్న రోజులనుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఒకసారి రా. షెడ్డుకి తాళం వేసి రా. పండగకనో, పని తగ్గాకనో, వచ్చే ఏడాదనో అనకు. నేను కిందికి దిగడం మానేశాను, నువ్వే పైకి రావాలి. మెట్లు ఇరవై రెండు. ఎడమవైపు పట్టుకోవడానికి ఏమీ లేదు, కుడివైపు కమ్మీ ఉంది. ఇప్పుడైతే ఎక్కగలవు.

అక్క